‘అడ్జస్ట్’లో ‘జస్ట్’ ఎక్కణ్ణుంచి వచ్చింది?

పోయిన నెల ఈ పేజీలో ఒక మాట జారాను. కందుకూరు నుంచి ఒంగోలు పోయే పల్లెవెలుగులో ఒకాయన నా దగ్గరకొచ్చి ‘మేడమ్, ప్లీజ్ అడ్జస్ట్’ అన్నాడనీ, ఇదే మాట లండన్ బస్సులో అంటే అవతలివాళ్లు ‘దేన్ని?’ అని మొహం చూస్తారనీ రాశాను. అంతే! నెలకు ఏడెనిమిది ఉత్తరాలు వచ్చే ఈ పేజీకి ఈసారి రబ్బరుబ్యాండు వేసిన కట్ట వచ్చింది. సగం మంది నన్ను తిట్టారు. ‘మనకు అర్థమైతే చాలదా, లండన్‌వాళ్లకు ఎందుకు అర్థం కావాలి’ అని ఉలవపాడు నుంచి ఒక మామిడితోట రైతు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆయనకు జవాబు చెప్పలేక, మిగతా ఉత్తరాల్లోంచి నాలుగు తీశాను. మొదటిదానికి జవాబు పొడుగైంది. తరవాతివాళ్లు రవ్వంత జరిగి కూర్చోవాలి.

టీచరమ్మ గారికి నమస్కారం. ‘అడ్జస్ట్’ మీద మా ఇంట్లో రెండు రోజులు గొడవ. మా అబ్బాయి ఇంటరు చదువుతున్నాడు. ‘అది ఇంగ్లీషే కాదు నాన్నా, మనవాళ్లు పాడుచేసిన మాట’ అంటాడు. నా వాదన ఇది: అడ్జస్ట్‌లో ‘జస్ట్’ ఉంది. జస్ట్ అంటే న్యాయం, జస్టిస్ అందులోంచే వచ్చింది. కాబట్టి అడ్జస్ట్ అంటే న్యాయం చేయమని. సీటులో ముగ్గురికీ న్యాయం జరగాలి కదా! అసలు ఈ మాట ఎక్కడ పుట్టింది, సరైన అర్థం ఏమిటి?
– బ్యాంకు ఉద్యోగి, కావలి

మీ వాదన ముచ్చటగా ఉంది. తప్పే, కానీ ముచ్చటగా ఉంది. పైగా మీరొక్కరే కాదు, నాలుగైదు వందల ఏళ్ల కింద ఫ్రెంచి పండితులు కూడా మీలాగే పొరబడ్డారు.

మాట పుట్టింది లాటిన్‌లో. ఆ భాషలో ‘యుక్స్తా’ అంటే పక్కన, దగ్గర. దానికి ముందు ‘అద్’ చేరిస్తే ‘అద్‌యుక్స్తారే’, అంటే దగ్గరికి చేర్చడం. పాత ఫ్రెంచిలో ఇది ‘అజోస్తెర్’ అయింది. అక్కడ అర్థం చేర్చడం, కలపడం, జత చేయడం. ఇప్పటికీ ఫ్రెంచివాళ్లు కూరలో ఉప్పు ‘వేయడానికి’ వాడే ‘అజుతే’ ఈ మాట బిడ్డే. అంటే ఇంతవరకూ న్యాయం ఊసు లేదు, పక్కకు చేరడమే ఉంది. ఆ తరవాత 16వ శతాబ్దంలో చదువుకున్నవాళ్లు ఈ మాటను చూసి, ‘ఓహో, ఇది జుస్తుస్ అనే మాటలోంచి వచ్చిందన్నమాట, అంటే సరైనది, న్యాయమైనది’ అనుకున్నారు. అనుకుని ఊరుకోలేదు, ఆ ప్రకారం స్పెల్లింగు దిద్దారు. అర్థం కూడా మెల్లగా అటు ఒరిగింది, ‘సరిగ్గా ఉండేట్టు అమర్చడం’ అని. ఇంగ్లీషులోకి ఈ మాట 14వ శతాబ్దం చివర ఒకసారి వచ్చి, సరిగా కుదురుకోక, 1600 ప్రాంతంలో ఫ్రెంచి నుంచి మళ్లీ వచ్చింది. రెండోసారి వచ్చేటప్పటికి దాని మొహాన ‘జస్ట్’ అని రాసే ఉంది. కాబట్టి మీ ‘న్యాయం’ దాని పుట్టుకలో లేదు, పెంపకంలో చేరింది. మీ అబ్బాయికీ మీకూ చెరిసగం మార్కులు.

ఇట్టాంటి పొరపాటు చిన్నదని నవ్వకండి. మన నెల్లూరు పేరే చూడండి. మూలాపేట మూలస్థానేశ్వరస్వామి గుడి కథ తెలిసినవాళ్లు, నెల్లి చెట్టు కింద, అంటే ఉసిరి చెట్టు కింద, లింగం దొరికింది కాబట్టి నెల్లూరు అంటారు. తమిళంలో ‘నెల్’ అంటే వడ్లు, వడ్లు పండే ఊరు కాబట్టి నెల్లూరు అని ఇంకొందరంటారు. మొలగొలుకుల అన్నం తిన్నవాళ్లకు రెండోది నచ్చుతుంది, కార్తీక మాసంలో ఉసిరి కింద వనభోజనం చేసినవాళ్లకు మొదటిది నచ్చుతుంది. మాట లోపల ఏముందో చూడటం మానేసి, మనకు ఏం కనబడాలనుకుంటామో అది చూస్తాం.

ఇక అసలు సంగతి. ఆ ‘యుక్స్తా’ను ఇంకోసారి పైకి పలకండి. మన ‘యుక్త’ లాగా లేదూ? పోలిక కాదు, నిజంగా దాయాదులే. రెండూ ఒకే పాత వేరు నుంచి వచ్చాయి. సంస్కృతంలో ‘యుజ్’ అంటే కలపడం, కట్టడం. యోగం, సంయోగం, యుగళం, యుగ్మం అన్నీ అందులోవే. లాటిన్‌లో ‘యుగుమ్’ అంటే ఎద్దుల మెడ మీది కాడి. సంస్కృతంలో ‘యుగం’ అన్నమాటకు కూడా కాడి అనే అర్థం ఉంది. ఇంగ్లీషులో కాడిని ‘యోక్’ అంటారు. జాయిన్, జంక్షన్, కాంజుగల్, యోగా, అడ్జస్ట్ – వీటన్నిటినీ ఒక గాటన కట్టేయొచ్చు. గూడూరు జంక్షన్లో రైలు మారేటప్పుడు మీరు దిగేది కూడా ఈ కాడి దగ్గరే.

కాడి అంటే ఈ తరం వాళ్లకు చెప్పాలి. రెండు ఎద్దుల మెడల మీద అడ్డంగా వేసే మాను. దాని నడిమధ్యన నాగలి ఏడికోలను, అంటే నాగలికుండే పొడవాటి కర్రను, తాడుతో బిగిస్తారు. నాకు తొమ్మిదో ఏడో పదో ఏడో ఉంటుంది. మా నాన్నకు కందుకూరు పక్కన మూడెకరాల చేనుండేది, ఒక జత ఎద్దులు. అందులో దాపటిది, అంటే ఎడమ పక్కన కట్టేది, ముసలిదైపోయింది. వలపటిది మాంచి వయసు మీదుంది. సాలు తోలుతుంటే ముసలిది వెనకబడటం, నాగలి వంకరపోవటం. ఒకరోజు పొద్దున్నే నాన్న కాడిని గట్టు మీద పెట్టి, తాడు విప్పి, నడిమధ్యన కాకుండా నాలుగు వేళ్లు వలపటి పక్కకు జరిపి కట్టాడు. ఎందుకని అడిగాను.

‘‘ముసలిదానికి సత్తవ తగ్గిందమ్మే. బరువు రవ్వంత దాని మీంచి తియ్యాల.’’

‘‘అట్టయితే వలపటిది ఎక్కువ మొయ్యాలిగా?’’

‘‘మోస్తది. మేత కూడా దానికే ఎక్కువేస్తన్నాంగా.’’

తక్కెడ లెక్కే ఇది. తాడు ఎటు దగ్గరగా ఉంటే బరువు అటు ఎక్కువ పడుతుంది. నేను తరవాత ముప్పై ఏడేళ్లు పిల్లలకు ఇంగ్లీషు చెప్పాను. అడ్జస్ట్ అన్న మాట వచ్చిన ప్రతిసారీ నా కళ్ల ముందు ఆ నాలుగు వేళ్లే కనబడేవి. ఈ మాటకు అంతకంటే మంచి బొమ్మ నాకు ఏ నిఘంటువులోనూ దొరకలేదు. వస్తువును మార్చలేదు, పారేయలేదు, కొత్తది తేలేదు. ఉన్నదాన్నే చిన్నగా కదిపి, పని సరిగ్గా నడిచేట్టు చేశాడు. ఇంగ్లీషువాడు అడ్జస్ట్ అనేది దీన్నే. రేడియో ముల్లు తిప్పడం, కళ్లజోడు ముక్కు మీద సరిచేసుకోవడం, స్కూటరు బ్రేకు బిగించడం, సైకిలు సీటు ఎత్తు తగ్గించడం – అన్నిటికీ అడ్జస్ట్. తేడా కొద్దిగా ఉండాలి, ఫలితం కుదరాలి.

ఎద్దుల మాట వచ్చింది కాబట్టి ఒక్క నిమిషం దారి తప్పుతాను. బ్రెజిల్లో కోట్లాదిగా తెల్లటి మూపురపు పశువులున్నాయి. వాటిని అక్కడ ‘నెలోర్’ అంటారు. అవి అచ్చంగా మన ఒంగోలు జాతి. జాతి ఒంగోలుది, పేరు నెల్లూరుది! ఒంగోలువాళ్లు దీనికి ఉడుక్కుంటారు గానీ, ఉడుక్కోవాల్సిన పనిలేదు. అప్పట్లో ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోదే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అటు పోయింది. 1970లో ఒంగోలు జిల్లా వచ్చింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. అప్పుడు మా కందుకూరును నెల్లూరు నుంచి తీసి అందులో కలిపారు. 2022 ఏప్రిల్లో మళ్లీ నెల్లూరుకు ఇచ్చారు. మా ఇల్లు అంగుళం కదల్లేదు, వీధి చివర వేపచెట్టూ కదల్లేదు. ఉత్తరాల మీద జిల్లా పేరు మాత్రం మారుతూనే ఉంది. సర్దుబాటు అంటే ఇంగ్లీషువాళ్లు మాకు నేర్పాలా?

సరే, బస్సు సీటు దగ్గరికొద్దాం. మీ వాడు ‘మనవాళ్లు పాడుచేశారు’ అన్నాడు కదా. మాట పాడుకాలేదు, వాక్యం మారింది. ఇంగ్లీషులో ‘అడ్జస్ట్’ అన్నాక దేన్ని అన్నది చెప్పాలి, అద్దాన్నో బెల్టునో. లేదా దేనికి అన్నది చెప్పాలి, చలికో చీకటికో. సీటులో చోటు కావాలంటే అక్కడివాళ్లు ‘కుడ్ యూ మూవ్ అప్ ఎ బిట్’ అంటారు. కానీ మన ‘అడ్జస్ట్’కి అర్థం ఏంటి? పక్కకు చేరు, దగ్గరికి జరుగు. అంటే యుక్స్తా! రెండువేల ఏళ్ల కిందటి లాటిన్ అర్థాన్ని ఇంగ్లండు మరిచిపోతే, కనిగిరి బస్సులో మూడో సీటు కోసం నిలబడ్డ మనిషి గుర్తు పెట్టుకున్నాడు. నేను పోయిన నెల వెటకారం చేశాను, ఈ నెల లెంపలేసుకుంటున్నాను.

ఇంకొక్కటి. అదే ‘యుక్స్తా’ నుంచి ‘జౌస్ట్’ అనే మాట కూడా వచ్చింది. గుర్రాల మీద ఇద్దరు వీరులు బల్లేలు పట్టుకుని ఎదురెదురుగా దూసుకొచ్చి పొడుచుకోవడం. దగ్గరికి రావడం అన్న అర్థం అంతదూరం పోయింది. ముగ్గురు కూర్చునే సీటులో నలుగురు కూర్చుని, నాలుగో ఆవిడ ఒళ్లో గోనెసంచి కూడా పెట్టుకుని, సింగరాయకొండ దాటేసరికి అడ్జస్ట్ కాస్తా జౌస్ట్ కావడం మీరు చూసే ఉంటారు.

మేడమ్, నాకు పెళ్లయి ఎనిమిది నెలలు. మా అమ్మ, అత్తగారు, ఆడపడుచు, చివరికి మా ఆయన కూడా నాతో ఒకే మాట అంటారు, ‘అడ్జస్ట్ అవ్వు’ అని. దీనికి తెలుగులో ‘సర్దుకుపో’ అన్నది సరిగ్గా సరిపోతుందా? ‘అడ్జస్ట్ విత్ మదరిన్లా’ అన్నది ఇంగ్లీషులో కరెక్టేనా? నేను బీఈడీ చేశాను, వ్యాకరణం తెలుసుకోవాలనే అడుగుతున్నాను.
– ఒక పాఠకురాలు, కనిగిరి (పేరు వేయొద్దన్నారు)

వ్యాకరణం కోసమే అడిగావని నమ్ముతాను తల్లీ. వ్యాకరణమే చెబుతాను.

తెలుగులో ‘సర్దు’ అన్న క్రియ ఎంత గొప్పదో చూడు. ‘పెట్టె సర్దు’ అంటే వస్తువులు ఎక్కడివక్కడ పెట్టు. ‘ఒక ఐదొందలు సర్దు’ అంటే అప్పివ్వు, కానీ అప్పు అనకుండా మర్యాదగా. రెంటిలోనూ చేసేవాడి చేతిలో అధికారం ఉంది. దానికి ‘కొను’ చేర్చు. ‘సర్దుకో’. ఇప్పుడు ఆ పని నీ మీదికి తిరిగింది. ‘కొంగు సర్దుకో’, ‘సామాను సర్దుకో’. ఇంకా పరవాలేదు, నీదే నీవు చక్కబెట్టుకుంటున్నావు. ఇక దానికి ‘పో’ చేర్చు. ‘సర్దుకుపో’. అయిపోయింది. సర్దడానికి వస్తువేదీ మిగల్లేదు, సర్దాల్సింది నిన్నే. మూడు మెట్లలో క్రియ చేసే మనిషి క్రియలో పడిపోయింది. మన వైపు ‘సద్దుకో’ అని ద-వత్తుతో పలుకుతారు, ఇంకా మెత్తగా ఉంటుంది, ఇంకా గట్టిగా తగుల్తుంది.

ఇంగ్లీషుకు ఇన్ని మెట్లు లేవు. ఒక్క అడ్జస్ట్‌నే అన్నిటికీ వాడాలి. అందుకే మనవాళ్లు దానికి ‘చేయి’, ‘చేసుకో’, ‘అవ్వు’ తగిలించి మన మెట్లన్నీ తిరిగి కట్టుకున్నారు. ‘అడ్జస్ట్ చేయి’ అని మెకానిక్కుతో అంటాం. ‘అడ్జస్ట్ చేసుకో’ అని చిల్లర లేని కొట్టువాడు రెండు చాక్లెట్లు చేతిలో పెట్టి అంటాడు. ‘అడ్జస్ట్ అవ్వు’ అని కోడలితో అంటారు. ఈ మూడో దాన్ని మెకానిక్కుతో అని చూడు, పానా విసిరికొడతాడు.

‘అడ్జస్ట్ విత్’ మన సరుకు. ‘అత్తతో సర్దుకుపో’లో ‘తో’ ఉంది కదా, అదే ‘విత్’ వేషం వేసుకుని పోయింది. ఇంగ్లీషులో అలవాటుపడటం అన్న అర్థంలో ‘అడ్జస్ట్ టు’ అనాలి. పరిస్థితికి, వాతావరణానికి, కొత్త ఊరికి. ఇక్కడ బీఈడీ వాళ్లు కూడా జారే చోటు ఒకటుంది. ఈ ‘టు’ తరవాత క్రియ వస్తే ‘ఇంగ్’ రావాలి. ‘అడ్జస్ట్ టు లివింగ్’ ఒప్పు, ‘అడ్జస్ట్ టు లివ్’ తప్పు. మనుషులతో పొసగడానికి వాళ్లు ‘గెట్ అలాంగ్ విత్’ అంటారు. అందులో ఇద్దరి పని ఉంటుంది. ‘అలవాటుపడు’ అన్న ఈ అర్థం ఇంగ్లీషులో నిన్నమొన్నటిది, 20వ శతాబ్దంలో మనస్తత్వ శాస్త్రవేత్తలు బాగా తిప్పారు. ‘వెల్ అడ్జస్టెడ్’ అంటే కుదురైన మనిషి, ‘మాలడ్జస్టెడ్’ అంటే ఇమడని మనిషి.

ఇమడకపోవడం రోగమా అని అడిగినవాడు మార్టిన్ లూథర్ కింగ్. 1967 సెప్టెంబరులో వాషింగ్టన్‌లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల సభలోనే మాట్లాడుతూ, మీ శాస్త్రంలో మాలడ్జస్టెడ్ అన్నది అన్నిటికంటే ఎక్కువ వాడే మాట, కానీ మన సమాజంలో కొన్నిటికి మనిషి ఎన్నటికీ అడ్జస్ట్ కాకూడదు అన్నాడు. జాతి వివక్షకు తాను అడ్జస్ట్ కాదలుచుకోలేదన్నాడు. ఆ మాటను వాళ్ల ముందే, వాళ్ల మాటతోనే అనడం నాకు భలే ఇష్టం.

మొదటి జవాబులో కాడి గురించి రాశాను, చదివావు కదా. ఆ కుటుంబంలో ఇంకో మాటుంది, ‘సబ్జుగేట్’. ‘సబ్’ అంటే కింద, ‘యుగుమ్’ అంటే కాడి. ఓడిన సైనికుల్ని ఆయుధాలు లాక్కుని, కాడిలాగా అడ్డంగా కట్టిన ఈటె కింద నుంచి వంగి నడిపించేవాళ్లు. క్రీస్తుకు పూర్వం 321లో సామ్నైట్లు అనే కొండజాతి వాళ్లు రోమన్ సైన్యాన్నే అట్టా నడిపించారు. రోమన్లు ఆ అవమానాన్ని శతాబ్దాల పాటు చెప్పుకున్నారు. అడ్జస్ట్ అంటే కాడి పక్కన చేరడం, సబ్జుగేట్ అంటే కాడి కిందికి దూరడం. నీకు చెప్పేది ఏ మాటో, వాళ్లు ఏ అర్థంతో అంటున్నారో నీవే చూసుకోవాలి, నేను కందుకూరులో కూర్చుని చెప్పలేను.

నా సంగతి ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు నన్ను ‘పని సర్దుబాటు’ కింద వేరే ఊరి బడికి వేశారు. ఇంటి నుంచి నలభై ఎనిమిది కిలోమీటర్లు, రెండు బస్సులు, ఆ తరవాత కాలవ గట్టు మీద నడక. ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. పొద్దున ఇంట్లో మంచినీళ్లు తాగటం మానేశాను. అడిగితే పెద్దాయన ‘మూణ్ణెల్లేగదమ్మా, అడ్జస్ట్ చేసుకోండి’ అన్నాడు. మూణ్ణెల్లు రెండేళ్లయింది. ఆ కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది. ఇంగ్లీషులో ‘ఈజ్ హియర్‌బై అడ్జస్టెడ్ అగైన్‌స్ట్ ద వేకెన్సీ’ అని ఉంటుంది. ఆ వాక్యంలో కర్త ఎవరో కనబడదు. నేను కర్మని. వ్యాకరణంలో కర్మ అన్న పేరు ఎవరు పెట్టారోగానీ, ఆ రెండేళ్లూ కాలవగట్టు మీద నడుస్తూ ఆయనకు దణ్ణం పెట్టుకున్నాను.

మలయాళ సినిమా రంగంలో ఆడవాళ్ల పరిస్థితి మీద జస్టిస్ హేమ కమిటీ నివేదిక 2024 ఆగస్టులో బయటికొచ్చింది. అక్కడి ఆడవాళ్లకు ‘కాంప్రమైజ్’, ‘అడ్జస్ట్‌మెంట్’ అనే రెండు మాటలు బాగా పరిచయమని అందులో ఉంది. ఏ అర్థంలోనో నేను విడమరచక్కర్లేదు. మెత్తటి మాట ఎంత గట్టి పనికి వాడతారో చెప్పడానికి రాశాను.

నీవు వ్యాకరణమే అడిగావు కాబట్టి వ్యాకరణమే చెబుతున్నా. ఈసారి ఎవరైనా ‘అడ్జస్ట్ అవ్వు’ అంటే, దాన్ని సకర్మకం చేసి తిరిగి అడుగు. ‘దేన్ని అడ్జస్ట్ చేయాలి? ఎంత?’ అని. పొద్దున లేచే టైమా, కూరలో కారమా, నీ జీతం ఎవరి ఖాతాలో పడాలన్నదా, మీ అమ్మగారింటికి ఎన్నిసార్లు పోవాలన్నదా? మా నాన్న నాలుగు వేళ్లు జరిపాడు. కొలత ఉంది. ఎటు జరిపాడో, ఎందుకు జరిపాడో, పదేళ్ల పిల్లకు కూడా చెప్పాడు. మేత సంగతి మరిచిపోలేదు. మీ ఆయనకు ఈ పేజీ చదివి వినిపించు. అతను చదువుకున్నవాడే అనుకుంటాను, వాక్యంలో తన స్థానం ఏదో కనుక్కోగలడు.

అమ్మా, నేను వెంకటగిరిలో టైలర్ని. కొత్తగా వచ్చిన కస్టమర్లు కొందరు ‘ఆల్టర్ చేయండి’ అంటారు, కొందరు ‘అడ్జస్ట్ చేయండి’ అంటారు. రెండూ ఒకటేనా? రేటు మాత్రం నేను ఒకటే తీసుకుంటున్నా.
– వెంకటగిరి

రేటు వేరే పెట్టండి అన్నా, నష్టపోతున్నారు! ‘ఆల్టర్’ లాటిన్‌లో ‘రెండిటిలో రెండోది, మరొకటి’ అన్న మాటలోంచి వచ్చింది. బట్టను విప్పి, కత్తిరించి, మళ్లీ కుట్టి, అది ఇంకో బట్ట అయ్యేట్టు చేయడం ఆల్టర్. పొట్ట పెరిగితే ప్యాంటు నడుము విప్పి లోపల మడిచిన గుడ్డ బయటకు తీసేది ఆల్టరేషనే. అడ్జస్ట్‌కి కత్తెర అక్కర్లేదు. హుక్కు అర అంగుళం జరపడం, బొందు బిగించడం, భుజం మీద పట్టీ పొడవు తగ్గించడం అడ్జస్ట్. ఇంకా సులువుగా చెప్పాలంటే, అడ్జస్ట్ చేసినదాన్ని మళ్లీ పాత చోటికి తెచ్చుకోవచ్చు. ఆల్టర్ చేసిందాన్ని తెచ్చుకోలేం.

మూడోది కూడా ఉంది, ‘అడాప్ట్’. పాత వెంకటగిరి చీరను మనవరాలికి లంగా ఓణీగా కుట్టిస్తారే, అది. ఒక పనికి ఉన్నదాన్ని వేరే పనికి తగ్గట్టు చేయడం. దానికి మీరు డబుల్ రేటు అడగొచ్చు, జరీ పోకుండా కుట్టాలి కాబట్టి.

మేడమ్ గారూ, నేను తొమ్మిదో తరగతి. రెండు డౌట్లు. 1. మా సారు ‘అడ్‌జస్ట్’ అని ‘డ’ను ఒత్తి పలుకుతారు, యూట్యూబులో ‘అజస్ట్’ అంటున్నారు. ఏది రైటు? 2. ‘బర్స్ట్’కి పాస్ట్ టెన్సు బర్స్టే. అడ్జస్ట్ కూడా ‘స్ట్’తోనే అయిపోతుంది. మరి దానికి ‘ఎడ్’ ఎందుకు పెట్టాలి?
– గుడ్లూరు

శభాష్ నాయనా. ఈ నెల కట్ట మొత్తంలో రెండో ప్రశ్న లాంటిది ఇంకెవరూ అడగలేదు.

ముందు మొదటిది. ఇంగ్లీషువాళ్లు ‘అజస్ట్’ అనే పలుకుతారు. అందులో ‘డ’ ఉన్నా, వెనక ‘జ’ వచ్చేసరికి దాంట్లో కలిసిపోతుంది. పాత ఫ్రెంచిలో ఆ ‘డ’ లేనే లేదు. లాటిన్‌లో ‘అద్’ ఉండేదని గుర్తొచ్చి పండితులు తరవాత తిరిగి రాశారు. రాతలో వచ్చింది, నోట్లోకి రాలేదు. ‘అడ్జేసెంట్’, ‘అడ్జర్న్’ కూడా అంతే, అజేసెంట్, అజర్న్. కానీ తెలుగులో మనం రాసేది పలుకుతాం, పలికేది రాస్తాం. కాబట్టి తెలుగు వాక్యంలో ‘అడ్జస్ట్’ అంటే తప్పు లేదు, నేనూ అట్టాగే రాశాను. ఇంగ్లీషు వాక్యం చదివేటప్పుడు ‘అజస్ట్’ అను. మీ సారుతో వాదించొద్దు, ఆయన రాసి చదువుకున్న కాలం వేరు, అప్పుడు యూట్యూబు లేదు.

రెండోది. ‘బర్స్ట్’ ఇంగ్లీషు భాషలో పుట్టి పెరిగిన పాత మాట. పాత ఇంగ్లీషులో దానికి పాస్ట్ రూపాలు వేరేగా ఉండేవి, కాలక్రమాన అరిగి అరిగి అన్నీ ఒకేలా మిగిలాయి. అడ్జస్ట్ ఫ్రెంచి నుంచి వచ్చింది. బయటి నుంచి వచ్చిన క్రియకు ఇంగ్లీషువాళ్లు సాధారణంగా కొత్త చొక్కా కుట్టరు, తయారుగా ఉన్న ‘ఎడ్’ చొక్కా తొడిగేస్తారు. అడ్మిటెడ్, అరెస్టెడ్, రిక్వెస్టెడ్, అడ్జస్టెడ్. మనం చేసేదీ అదే. వచ్చిన ప్రతి ఇంగ్లీషు క్రియకూ ‘చేశాడు’, ‘అయ్యాడు’ తొడుగుతాం, అరెస్టు చేశాడు, అరెస్టయ్యాడు. ‘అరెస్టాడు’ అని ఎవరూ అనరు.

నీలాంటివాడు ఇక్కడితో ఊరుకోడని నాకు తెలుసు. ‘మరి ధర పలకడం అన్న అర్థంలో ‘కాస్ట్’ ఉంది కదా, అదీ ఫ్రెంచిదే, దానికి ఎడ్ లేదే’ అంటావు. నిజమే, అదొకటి దొంగచాటుగా బర్స్ట్ వాళ్ల వరసలో చేరిపోయింది. ‘క్యాచ్’ కూడా ఫ్రెంచిదే, పోయి పోయి ‘కాట్’ అయి కూర్చుంది. ఇట్టాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

పలికేటప్పుడు చివర ‘అడ్జస్ట్‌డ్’ అని మింగేయకు, ‘అజస్టిడ్’ అని విడిగా పలుకు. ‘ట’ మీద ‘డ’ వస్తే మధ్యలో చిన్న అచ్చు లేకుండా నోరు తిరగదు. పరీక్షలో ‘అడ్జస్టెడ్’ అని రాయి. మార్కు కోసేస్తే ఆ పేపరు జిరాక్సు తీసి నాకు పంపు.